డ్రైసూట్ జిప్ ఎక్కువ కాలం మన్నాలంటే

డ్రైసూట్ అంటే నీళ్లలో దిగేవాళ్లు తడి తగలకుండా ఒళ్లంతా కప్పుకునే సూట్. బెజవాడలో దాన్ని వేసేది చలికి కాదు, మురికికి. వరద తీశాక ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లలో సన్నటి ఒండ్రూ ఉంటుంది, ఊరి కాలవల మురుగూ ఉంటుంది. అవి ఒంటికి తగలకుండా సూట్ ఆపుతుంది గానీ, ఆ ఒండ్రు పోయి జిప్ పళ్లలో చేరుతుంది. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా నీళ్లు దూరకుండా బిగుతుగా పట్టే రబ్బరు సీల్ చిరిగితే మార్చుకోవడం తేలికే. జిప్ పోతే పాతది కోసి తీసేసి, కొత్తది కొలత తప్పకుండా జిగురుతో అతికించాలి. బీసెంట్ రోడ్డులో బ్యాగులకు జిప్పులు వేసేవాళ్ల వల్ల అయ్యే పని కాదది.

ముందు మీ సూట్‌కి ఉన్నది ఏ జిప్పో చూసుకోండి. రబ్బరు పూసిన గుడ్డ టేపు మీద ఇత్తడి రంగు పళ్లు వరసగా కనిపిస్తే మెటల్ జిప్. మెత్తటి ప్లాస్టిక్ టేపు, దాంతోనే పోతపోసినట్టున్న పళ్లు ఉంటే టిజిప్ (ఒక కంపెనీ పేరు) తరహా ప్లాస్టిక్ జిప్. కడగడం రెండిటికీ ఒకటే, కందెన మాత్రం వేరు.

నీళ్లలోంచి బయటికొచ్చిన వెంటనే, ఒండ్రు ఎండకముందే, జిప్ మూసి ఉంచే పైనుంచి మంచినీళ్లు ధారగా పోయండి. అలా కడగకుండా లాగితే ఇసుక రేణువులు రన్నర్ (జిప్ మీద జరిగే ముక్క) కింద పడి పళ్లను గీరేస్తాయి. ఇంటికొచ్చాక లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగైదు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తటి టూత్‌బ్రష్‌తో పళ్ల వెంబడి తోమండి. రన్నర్ లోపలా, జిప్ మూసుకున్నప్పుడు రన్నర్ వచ్చి ఆగే చివరా బ్రష్ తప్పకుండా తిరగాలి. తర్వాత జిప్ తీసి లోపలి అంచులు తుడవండి. మెటల్ జిప్‌లో నీళ్లను ఆపేది పళ్లు కావు, వాటి బిగింపుకి ఒకదానికొకటి నొక్కుకునే రబ్బరు అంచులు. వాటి మధ్య ఒక్క దారప్పోగు ఇరుక్కున్నా చెమ్మ దిగుతుంది.

గుంటూరు వైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితోనే కడిగి ఆరేస్తే పళ్ల మీద తెల్లటి పొర కడుతుంది. చివరిసారి మాత్రం తాగే నీళ్లు ఓ రెండు చెంబులు పోయండి. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు వాడొద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఆరబెట్టేది నీడలో, గాలి తగిలే చోట. డాబా మీద మిరపకాయల పక్కన మాత్రం వద్దు. ఆ ఎండ రబ్బరుకి మంచిది కాదు, ఆ ఘాటు తర్వాత సూట్ వేసుకునేవాళ్లకి మంచిది కాదు.

పూర్తిగా ఆరాక కందెన. మెటల్ జిప్‌కి మామూలు తెల్ల కొవ్వొత్తి గానీ తేనెమైనం గానీ చాలు. జిప్ మూసి, బయటి వైపు పళ్ల మీద మాత్రమే రుద్ది, రన్నర్‌ని మూడు నాలుగుసార్లు అటూ ఇటూ నడిపి, మిగిలింది గుడ్డతో తుడిచేయండి. లోపలి అంచులకి పూస్తే అక్కడ దుమ్ము పట్టి బిగింపు పోతుంది. ప్లాస్టిక్ జిప్‌కి మైనం వద్దు. సూట్‌తో వచ్చిన గ్రీజు బఠాణీ గింజంత తీసుకుని రన్నర్ ఆగే చివర పూస్తే చాలు.

జిప్ బిగుసుకుంటే మన చెయ్యి ముందు కొబ్బరినూనె సీసా మీదికే పోతుంది. అది గానీ, కుట్టు మిషన్ నూనె గానీ, వాజలీన్ గానీ దగ్గరికి రానివ్వకండి. నూనె రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది. సిలికోన్ స్ప్రే పడిన చోట రేపు జిగురు అంటదు. ఇత్తడే కదా అని చింతపండుతోనో సామాన్లు తోమే పొడితోనో రుద్దేవాళ్లూ ఉన్నారు. పులుపు లోహాన్ని తింటుంది, పొడిలోని గరుకు టేపుని అరగదీస్తుంది. చిలుము కనిపిస్తే గోరువెచ్చని సబ్బు నీళ్లలో అరగంట నాననిచ్చి బ్రష్‌తో వదిలించండి.

జిప్పులు ఎక్కువగా తెగేది నీళ్లలో కాదు, వేసుకునేటప్పుడు. వీపు మీద జిప్ ఉంటే పక్కవాళ్ల సాయం తీసుకోండి. ఒక చేత్తో టేపుని తిన్నగా పట్టుకుని, రెండో చేత్తో రన్నర్‌ని జిప్ గీత వెంబడే లాగాలి. ఏటవాలుగా లాగితే పన్ను వంకరపోతుంది. అడ్డం తగిలితే బలం పెట్టకుండా వెనక్కి నడిపి చూడండి, లోపలి బట్ట ఇరుక్కుని ఉంటుంది.

దాచేటప్పుడు మామూలుగా మెటల్ జిప్ తెరిచి, ప్లాస్టిక్‌ది మూసి ఉంచుతారు. మీ సూట్ పుస్తకంలో వేరేలా రాసి ఉంటే అదే పాటించండి. జిప్ దగ్గర గట్టి మడత పడకుండా వదులుగా చుట్టి పెట్టాలి. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే మైనం కరిగి లోపలికి కారొచ్చు, లాటెక్స్ రబ్బరు సీళ్లు బంకబంకగా తయారవుతాయి.

నీళ్లు దిగుతున్నాయని అనుమానమొస్తే సూట్‌ని లోపలికి తిప్పకుండా, చేతుల సీళ్లలో సీసాలు, మెడ సీల్‌లో బంతి బిగించి, గాలి వదిలే వాల్వ్ మూసి, సూట్ ఉబ్బే వరకే గాలి నింపండి. సబ్బు నీళ్లు బ్రష్‌తో జిప్ మీద పూస్తే లీకున్న చోట బుడగలొస్తాయి. చివర్లో మాత్రమే వస్తే రన్నర్ పూర్తిగా ఆనలేదేమో, మూసి మళ్లీ చూడండి. టేపు పగిలిన చోట గానీ, పన్ను ఊడిన చోట గానీ వస్తే ఆ సూట్ నీళ్లలోకి తీసుకెళ్లకుండా, జిప్ మార్చేవాళ్లకి పంపించాలి.