ఉబుంటులో తాళం పడ్డ హోమ్ ఫోల్డర్ నుంచి ఫైళ్లు తీసుకోవడం

హోమ్ ఫోల్డర్‌కి (మీ ఫైళ్లన్నీ ఉండే చోటు) తాళం పడ్డ డిస్క్‌ను ఫార్మాట్ చేయొద్దు, దాని మీద ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు. నాకు ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ మొదట చెప్పేది ఇదే. ఫైళ్లు కనిపించనంత మాత్రాన పోయినట్టు కాదు.

ఉబుంటు 9.04 నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకునే, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేకుండా తాళం వేసుకునే, వీలుండేది, 18.04లో తీసేశారు. మా బాబాయి లాప్‌టాప్‌లో 16.04 ఉండేది. మదర్‌బోర్డు పోయాక డిస్క్ ఊడదీసి నా కంప్యూటర్‌కి తగిలిస్తే, పిన్ని ఫొటోలు ఉండాల్సిన చోట ఒక రీడ్‌మీ ఫైలు, ఒక షార్ట్‌కట్ మాత్రమే కనిపించాయి.

అసలు సరుకు వేరే చోట ఉంటుంది. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే, ఆ డిస్క్‌లో యూజర్ల ఫోల్డర్లన్నీ ఉండే హోమ్ లోపల, పేరు చుక్కతో మొదలయ్యే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ (ఈ తాళం వేసే సాఫ్ట్‌వేర్ పేరు) ఫోల్డర్ బయటపడుతుంది. అందులో మీ యూజర్ పేరు, దాని కింద రెండు ఫోల్డర్లు, రెండిటికీ ముందు చుక్కే. ప్రైవేట్ అనేదాంట్లో తాళం పడ్డ ఫైళ్లు, ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ అనేదాంట్లో ర్యాప్డ్ పాస్‌ఫ్రేజ్ అనే చిన్న ఫైలు. వంద బైట్లు కూడా ఉండని ఈ ఫైలే మీకు ప్రాణం. 32 అక్షరాల అసలు తాళంచెవి ఇందులోనే ఉంటుంది, దాన్ని తెరిచేది మీ లాగిన్ పాస్‌వర్డ్. ముందుగా ఈ ఫైలును ఇంకో చోటికి కాపీ చేసుకోండి. డిస్క్ శబ్దం చేస్తున్నా, చదవడానికి మొరాయిస్తున్నా, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్ నకలు తీసి ఆ నకలు మీదే పనిచేయండి.

పాస్‌వర్డ్ మర్చిపోయి, రికవరీ మోడ్‌లో రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) కొత్తది పెట్టుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. అలా మార్చినప్పుడు ఈ చిన్న ఫైలు మారదు, దాన్ని పాతదే తెరుస్తుంది. కాబట్టి పాత పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోండి, లేదా అప్పట్లో 32 అక్షరాలు ఏ డైరీలోనైనా రాశారేమో వెతకండి. రెండూ లేకపోతే ఏ షాపువాళ్లూ తీయలేరు, డబ్బు ఖర్చు పెట్టకండి.

పాస్‌వర్డ్ ఉంటే పని తేలికే. ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటును నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, నెట్ పెట్టుకుని, ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ యుటిల్స్ ప్యాకేజీ వేసుకోండి. పాత డిస్క్‌ను ఒకసారి తెరిచి మౌంట్ చేయండి, అంటే దానిలోని ఫోల్డర్లు అందుబాటులోకి వచ్చేలా చేయండి. టెర్మినల్లో (కమాండ్లు కొట్టే విండో) సుడో (కమాండ్‌ను రూట్ హక్కులతో నడిపే మాట), తర్వాత ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ రికవర్ ప్రైవేట్ అని కొట్టండి. అన్నీ చిన్నక్షరాలే, ఈ మూడు మాటల మధ్య ఖాళీ బదులు అడ్డగీత. మొదటి మాట స్పెల్లింగు ఇ, సి, ఆర్, వై, పి, టి, ఎఫ్, ఎస్. ఆ తర్వాత ఖాళీ వదిలి ప్రైవేట్ ఫోల్డర్ పూర్తి దారి ఇవ్వండి, అక్కడ మాత్రం పి పెద్దక్షరం. లాగిన్ పాస్‌వర్డ్ తెలుసా అని అడిగితే ఎంటర్ నొక్కి అది ఇవ్వండి.

పాస్‌వర్డ్ తప్పు అని వస్తే టెన్షన్ పడకండి. లైవ్‌లో కీబోర్డు లేఅవుట్ వేరేగా ఉండొచ్చు. టెక్స్ట్ ఎడిటర్‌లో ఆ పాస్‌వర్డ్ టైప్ చేసి గుర్తులు సరిగ్గా పడుతున్నాయో చూడండి, సేవ్ మాత్రం చేయకండి. పాస్‌వర్డ్ ఒప్పుకుని కూడా మౌంట్ దగ్గర ఆగిపోతే, సుడో కీసీటీఎల్ లింక్ అని కొట్టి, ఎట్ గుర్తు పక్కన యు, ఖాళీ వదిలి మళ్లీ ఎట్ గుర్తు పక్కన ఎస్ ఇచ్చి, పాత కమాండే మళ్లీ నడపండి.

తాళం తెరుచుకుంటే టీఎంపీ ఫోల్డర్‌లో ఫైళ్లు మామూలు పేర్లతో కనిపిస్తాయి. చదవడానికే తప్ప రాయడానికి వీలుండదు కాబట్టి పాతవాటికి భయం లేదు. సుడోతో బయటి డిస్క్‌కి కాపీ చేసుకుని, కొన్ని ఫొటోలు, ఒకటి రెండు వీడియోలు అక్కడి నుంచే తెరిచి చూశాక లైవ్‌ను మూసేయండి.