చెరువులో చేపలు తేలితే కాలుష్య నియంత్రణ మండలిని (పీసీబీని) ఎలా రప్పించాలి, ఏమేం అడగాలి

తెల్లవారుజామున చేపలు గుంపుగా పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఊరివాళ్ల చేతిలో ఉన్నది రెండు మూడు గంటలే. పొద్దెక్కాక అదే చెరువులో నీళ్లు పట్టి పరీక్షిస్తే ఆక్సిజన్ సరిపడా ఉందనే రావచ్చు. కారణం నాచు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. మురుగు కలిసిన చెరువులో ఈ హెచ్చుతగ్గులు మరీ ఎక్కువ. సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో కరిగిన ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి మళ్లీ కోలుకుంటుంది. చేపల పెంపకానికి పనికొచ్చే నీటిలో అది లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి. అధికారులు పన్నెండు గంటలకు వచ్చి నమూనా పట్టుకెళ్లినప్పుడు ఫిర్యాదు వీగిపోయేది ఇక్కడే. ఇందులో అబద్ధం ఆడినవాళ్లు ఎవరూ ఉండరు, వేళ తప్పిందంతే.

ముందుగా ఏయే చేపలు చచ్చాయో చూడండి. బొచ్చె, రోహు తేలి, కొరమీను బతికే ఉంటే ఆక్సిజన్ అందక జరిగినదని అనుమానించాలి, ఎందుకంటే కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. కొరమీను, కప్పలు, నత్తలు కూడా పోయాయంటే, అదీ పట్టపగలు జరిగిందంటే, విషపదార్థం కలిసిందన్న అనుమానం బలపడుతుంది. ఈ ఒక్క గమనిక ల్యాబులో ఏ పరీక్షలు చేయాలో దారి చూపుతుంది. కాబట్టి ఫిర్యాదులో తప్పక రాయండి. ఆ చేపలు తినకండి, అమ్మనివ్వకండి. పశువులను ఆ నీళ్లకు తోలకండి. ఉబ్బి కుళ్లినవి పరీక్షకు పనికిరావు. కొన ఊపిరితో ఉన్నవి రెండు మూడు పట్టి, కవర్లో చుట్టి ఐసులో పెట్టి మత్స్యశాఖవాళ్లకు అప్పగించండి.

తర్వాత నీళ్లు. శుభ్రమైన లీటరు సీసాను ఆ నీటితోనే మూడుసార్లు కడగాలి. మూతిని కిందికి ఉంచి అడుగు లోతుకు ముంచి, అక్కడ తిప్పి, బుడగ మిగలకుండా నింపి, నీటిలోనే మూత బిగించాలి. పైన తేలే నురగ, తెట్టు సీసాలోకి రాకూడదు. తేదీ, గంట, చోటు రాసి అంటించి ఐసు పెట్టెలో పెట్టండి. ఒక్కచోట పడితే చాలదు. చెరువులోకి వాగు వచ్చే చోట ఒకటి, అనుమానం ఉన్న కాలువ వాగులో కలిసే చోటికి పైన ఒకటి, కింద ఒకటి, తూము దగ్గర ఒకటి. పైన బాగున్న నీళ్లు కింద పాడయ్యాయంటే మధ్యలో ఏదో కలిసిందని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. చెరువు నీళ్లు ఒక్కటే చూపిస్తే మాత్రం పైనున్న పది ఫ్యాక్టరీల్లో ప్రతి ఒక్కటీ మాది కాదనగలదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరు వైపు, ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన నక్కవాగు గతం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన ఆ కాలుష్యం ఒక్క గొట్టం నుంచి వచ్చింది కాదు.

ఒక మాట గుర్తుంచుకోండి. మీరు పట్టిన నీళ్లతో ఫ్యాక్టరీకి శిక్ష పడదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం వ్యర్థజలాల నమూనాను పీసీబీ అధికారే తీయాలి. యాజమాన్యానికి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగాలు చేసి, రెండింటికీ సీలు వేసి, ఇరువైపులా సంతకాలు పెట్టాలి. ఇందులో ఏది తప్పినా ఆ ఫలితం కోర్టులో నిలవదు. మీ సీసా విలువ వేరు. అధికారిని కదిలించడానికి, ఎక్కడ తీయాలో చూపడానికి అదే ఆధారం. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబులో పరీక్ష చేయిస్తే ఇంకా బలం.

ఇప్పుడు ఫిర్యాదు. మీ జిల్లా చూసే పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ అధిపతి. ఆయన్ని ఈఈ అంటారు. ముందు ఫోన్ చేయండి, వెంటనే అదే విషయం రాతపూర్వకంగా పంపండి, నకలు కలెక్టర్‌కు, మత్స్యశాఖకు పెట్టండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో కూడా ఇవ్వచ్చు, కానీ సోమవారం కోసం ఆగకండి. «మా చెరువును ఫ్యాక్టరీలు నాశనం చేస్తున్నాయి, తగు చర్య తీసుకోగలరు» అని రాసిన అర్జీతో పనిచేయాలనుకున్న అధికారికి కూడా పని దొరకదు. ఇలా రాయండి: «ఈ రోజు ఉదయం 5.40కి పెద్దచెరువు తూర్పు తూము దగ్గర చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు ఎర్రగా, ఘాటు రసాయనం వాసనతో ఉన్నాయి. రాత్రి 1 నుంచి 3 మధ్య వాగులోకి రంగునీళ్లు వచ్చాయి. నిన్న వర్షం పడింది. కొరమీను కూడా చచ్చింది. వాగు కలిసే చోటు ఫొటోలు, లొకేషన్ జతపరిచాం. రేపు ఉదయం 6 లోపు నమూనా తీయాలని మనవి.» వర్షం సంగతి రాయడం ముఖ్యం. వ్యర్థాలను గుట్టుగా వదలాలనుకునేవాళ్లు వానపడే రాత్రుల కోసమే చూస్తారు, వరద వాటిని పలచబరిచి తీసుకుపోతుంది.

అధికారులు వచ్చినప్పుడు వెంట ఇద్దరు ముగ్గురు ఉండండి, గుమిగూడి గొడవ చేయకండి. గొడవైతే నమూనా తీయకుండానే వెళ్లిపోవడానికి కారణం దొరుకుతుంది. ఆక్సిజన్‌ను అక్కడికక్కడే మీటరుతో కొలుస్తున్నారా, లేక 300 మిల్లీలీటర్ల సీసాలో పట్టి వెంటనే రసాయనాలు కలిపి స్థిరపరుస్తున్నారా అని అడగండి. మామూలు సీసాలో ఊరికే ల్యాబుకు మోసుకెళ్తే ఆ అంకెకు అర్థం లేదు. లోహాల కోసం వేరే సీసాలో నైట్రిక్ యాసిడ్ కలపాలి, నూనె, గ్రీజు కోసం గాజు సీసా కావాలి. ఏ పరీక్షలకు పంపుతున్నారో పంచనామాలో రాయించండి. మందుల ఫ్యాక్టరీలున్న చోట పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), బీఓడీ (వ్యర్థాలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) చాలవు. సీఓడీ (వ్యర్థాలను రసాయనాలతో విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్), టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు), అమ్మోనియా నైట్రోజన్, సాల్వెంట్లు (ద్రావకాలు) అడగండి. శుద్ధి చేసి బయటికి వదిలే నీటికి సాధారణ పరిమితి బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250, పీహెచ్ 5.5 నుంచి 9. పీహెచ్ పరిమితిలోనే ఉండి చేపలు చావడం సాధ్యమే, అందుకే ఆ ఒక్క అంకె చూసి సర్దుకోకండి.

బీఓడీ పరీక్షకే మూడు రోజులు పడుతుంది, 27 డిగ్రీల దగ్గర నమూనాను అన్నాళ్లు ఉంచాలి. మర్నాడే నివేదిక రాలేదని అనుమానపడక్కర్లేదు. రెండు వారాలు దాటినా రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. విశ్లేషణ నివేదికతో పాటు ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతి పత్రం కూడా అడగండి. రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం రావచ్చు, ఎక్కడికి పోవాలి అన్నది అందులో ఉంటుంది. బయటికి చుక్క వదలకూడదన్న షరతుంటే వాగులో కనిపించిన గొట్టమే సాక్ష్యం, అంకెల వాదన అక్కర్లేదు. ఇలాంటి అనుమతుల రిజిస్టరును ప్రభావితులైన ఎవరైనా చూడవచ్చని అదే నీటి చట్టం 25వ సెక్షన్లో ఉంది. 33ఏ సెక్షన్ కింద ఫ్యాక్టరీని మూయించే, కరెంటు, నీళ్లు ఆపించే అధికారం మండలికి ఉంది. అప్పటికీ కదలకపోతే చెన్నైలో ఉన్న, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లాలి. సమస్య మొదలైన ఆరు నెలల్లోగా వెళ్లాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పరిహారానికైతే ఐదేళ్లు. మొదటి అర్జీ రసీదు పారేసుకున్నవాళ్లు ఈ గడువుల దగ్గర ఇబ్బంది పడతారు.

ఫ్యాక్టరీ రాకముందు అడిగే చోటు ఇంకొకటుంది, ప్రజాభిప్రాయ సేకరణ. పర్యావరణ ప్రభావ అంచనాపై కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం పీసీబీ కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఫ్యాక్టరీ వల్ల పర్యావరణంపై పడే ప్రభావం గురించిన నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, అది కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో దొరకాలి. వందల పేజీల పూర్తి నివేదికతో కుస్తీ పట్టక్కర్లేదు. మూడు చోట్లు వెతకండి: నీళ్లు ఎక్కడి నుంచి ఎన్ని తెస్తారు, వాడాక ఎక్కడికి పంపుతారు, చుట్టుపక్కల జలవనరుల జాబితాలో మీ చెరువు ఉందా. లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం. నమూనాలు ఏ నెలలో తీశారో చూడండి, బోర్లు అడుగంటే వేసవి నీళ్లకూ వానాకాలపు నీళ్లకూ తేడా మీకే బాగా తెలుసు.

సభకు కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. అక్కడ ఓటింగు ఉండదు, కోరం ఉండదు. వెయ్యిమంది వద్దని అరిచిన దానికన్నా ఒకరు «మీ నివేదికలో మా ఊరి వాగు లేదు» అని చెప్పి, రాసి ఇచ్చి రసీదు తీసుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. ప్రతి ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రికార్డులోకి ఎక్కాలి. సభ చివర్లో నమోదు చేసినదాన్ని తెలుగులో చదివి వినిపించాలి. అందరూ వెళ్లిపోతున్న హడావిడిలో ఈ పని తప్పిపోతుంటుంది. లేచి అడగండి, మీ మాట లేకపోతే అక్కడే చేర్పించండి. ఇదంతా వీడియో తీయాల్సిందే.

ఆమోదించిన పారిశ్రామిక పార్కు లోపల పెట్టే పరిశ్రమలకు విడిగా ఈ సభ ఉండదు. కాబట్టి మీ దగ్గర పార్కు వస్తోందన్న మాట వినగానే, ఆ పార్కు అనుమతి కోసం పెట్టే సభకే వెళ్లండి. ఉమ్మడి శుద్ధి కేంద్రం ఎక్కడ కడతారు, దాని సామర్థ్యం ఎంత, అది ఆగిపోయిన రోజు నీళ్లు ఎక్కడికి పోతాయి అని అడగండి.