పొగ అలారం ఊరికే అరుస్తోందా? బ్యాటరీ పీకకండి, చోటు మార్చండి

కోనసీమలో మా ఇంట్లో అలారం పెట్టిన వారానికే నాన్నగారు బ్యాటరీ పీకేసి బీరువా మీద పడేసేరండి, అమ్మ పెసరట్టు వేసినప్పుడల్లా ఒకటే కూత మరి. చాలా ఇళ్లల్లో ఇదే జరుగుతోంది, అందుకే రాస్తున్నా.

వంట మొదలెడితే చాలు మోగుతోందా? అలారం పాడవ్వలేదు, పొయ్యికి దగ్గరగా పెట్టేరు, పోపులో ఎండుమిర్చి మాడినా దానికి పొగే కదా. పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. వంటగదిలోనే కావాలంటే వేడికి మోగే హీట్ అలారం వేరేగా దొరుకుద్ది. పొగ అలారం పడకగదుల్లోనూ, వాటి ముందు హాల్లోనూ పెట్టండి. కొనేటప్పుడు ఫోటోఎలక్ట్రిక్ రకం, అంటే లోపలి వెలుగుతో పొగని పసిగట్టేది, అడగండి, పరుపో వైరో మంట రాకుండా కమిలేటప్పుడే తొందరగా పసిగడుతుంది, వంట పొగకి అయొనైజేషన్ అనే రెండో రకం కంటే తక్కువ అరుస్తుంది.

తెల్లారుగట్ట నిమిషానికోసారి కుయ్యిమంటోందా? బ్యాటరీ అయిపోవచ్చింది. పుష్యమాసం చలికి దాని వోల్టేజీ ఇంకాస్త పడిపోద్ది, అందుకే పగలు ఊరుకుని తెల్లారుగట్ట మొదలెడుతుంది. కొత్తది వేసినా ఆగకపోతే వెనకాల తయారీ తేదీ చూడండి, 10 ఏళ్లు దాటితే మొత్తం అలారమే మార్చాలి.

పొయ్యి వెలిగించలేదు, సాంబ్రాణీ వెయ్యలేదు, అయినా అర్ధరాత్రి మోగిందా? మాకు కోతల ముందు అలాగే అయింది. దింపి చూస్తే చుట్టూ ఉన్న సన్న కంతల్లో సాలెగూడు, అందులో వరిచేల నుంచి లైటుకొచ్చే పచ్చపురుగులు రెండు. లోపల పొగ కోసం చూసే వెలుగుకి అవి అడ్డొచ్చినా పొగే అనుకుంటుంది. మెత్తటి బ్రష్షుతో దులిపితే సరిపోయింది. పురుగుల మందు మాత్రం దాని మీద కొట్టకండి. స్నానాల గది ఆవిరికీ ఇలాగే మోగుతుంది, ఆ తలుపుకి ఓ మీటరు ఎడంగా పెట్టండి.

అసలు భయపడాల్సింది పొగొచ్చినా మోగనప్పుడండి. మన దగ్గర ఉక్కపోతకి ఫ్యాన్ ఇరవైనాలుగ్గంటలూ తిరగాల్సిందే, ఆ గాలి పొగని అలారం దగ్గరికి రానివ్వదు, కాబట్టి రెక్క చివర నుంచి మీటరైనా దూరం ఉండాలి. స్లాబుకి బిగిస్తే గోడకి 10 సెంటీమీటర్లు వదలండి, గోడకైతే స్లాబు నుంచి 10 - 30 సెంటీమీటర్ల కిందకి పెట్టండి, మూల మాత్రం వద్దు, అక్కడికి పొగ సరిగ్గా చేరదు. పెంకుటింట్లో నడికప్పు దగ్గరే పెట్టాలి గానీ మరీ పై కొసకి కాదు, ఆ కొస నుంచి 10 సెంటీమీటర్లు వదిలి 90 లోపు. ఇంకోటి, సంక్రాంతి సున్నాలప్పుడు అలారానికి కవరు కట్టి పండగయ్యాక విప్పడం మర్చిపోతారు, కొందరైతే దానిమీద కూడా రంగేసేస్తారు, కంతలు పూడుకుపోయాక ఇంక అది ఉన్నా లేనట్టే.

గ్యాస్ లీకైతే పొగ అలారం మోగదు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది, దాని డిటెక్టర్ వేరే కొని కింద పెట్టాలి.

మాది చోటు మార్చేక నాన్నగారు మళ్లీ బ్యాటరీ జోలికెళ్లలేదు. ఒకటో తారీఖున బూజుకర్ర మొనతో టెస్ట్ బటన్ ఆయనే నొక్కుతారు, అమ్మ పడకగది తలుపు మూసుకుని లోపల్నుంచి "వినపడిందండీ" అంటుంది.