ఏడాదిని చదవడం – 4వ పాఠం: క్రీ.పూ. 133

పోయిన పాఠంలో క్రీస్తుపూర్వం ఏళ్లు వెనక్కి లెక్కపెట్టడం చూశాం. ఈసారి ఒకే ఏడాది వేర్వేరు చోట్ల జరిగినవాటిని కలిపి చదవడం నేర్చుకుందాం.

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: రోమ్, స్పెయిన్, సిసిలీ, పెర్గమం (ఇప్పటి టర్కీలో ఉన్న ఒక రాజ్యం). పైన ఆ ఏటి కాన్సుల్‌ల, అంటే ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారుల పేర్లు రాయండి: మూసియస్ స్కేవోలా, కల్పూర్నియస్ పీసో. రోమన్లు ఏ ఏడాదో చెప్పేది ఈ పేర్లతోనే.

స్పెయిన్‌లో, ముట్టడిలో ఆకలికి అలమటించిన నుమాంటియా పట్టణం రోమన్ సేనాని స్కిపియో ఎమిలియానస్‌కు లొంగిపోయింది. సిసిలీలో బానిసల తిరుగుబాటు ఇంకా అణగలేదు, పీసో అక్కడే ఉన్నాడు. వీటికి ఒక్కో వాక్యం చాలు.

రోమ్ గడిని మాత్రం పెద్దదిగా ఉంచండి. ట్రిబ్యూన్, అంటే సామాన్యుల తరఫున ఎన్నికైన అధికారి, టైబీరియస్ గ్రాకస్ భూచట్టం తెచ్చాడు. ప్రభుత్వ భూమి ఒక్కరి కింద 500 యూగెరాలు, అంటే దాదాపు 310 ఎకరాలు మించకూడదు. కొడుకులుంటే కొంత అదనం. మిగిలింది పేదలకు. మన మాటల్లో ల్యాండ్ సీలింగే. తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ వీటో చేస్తే, అతన్ని జనం ఓటుతోనే దింపేయడానికి సిద్ధపడ్డాడు. ఓటుకు ఒక్కో జట్టుగా లెక్కించే 35 తెగల్లో 17 ఓటేశాక ఆపించి, ఇప్పటికైనా పట్టు వదలమని బతిమాలాడట. ఆక్టేవియస్ వినలేదు. 18వ తెగ ఓటుతో పదవి పోయింది.

చట్టం నెగ్గింది, కానీ ఖజానా సెనేట్ (రోమ్ పెద్దల సభ) చేతిలో ఉంది. భూమి కొలిచే కమిషన్‌కు గుడారం కూడా ఇవ్వకుండా, రోజుకు 9 ఓబోల్‌లు (చిన్న గ్రీకు నాణేలు) విదిల్చిందని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆయన రాసింది రెండొందల ఏళ్ల తర్వాత, కాబట్టి పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టుకోండి.

ఇప్పుడు పెర్గమం గడి. రాజు మూడో అట్టలస్ చనిపోతూ రాజ్యాన్ని రోమ్‌కు వీలునామా రాశాడు. ఆ డబ్బు కొత్త రైతులకు పంచుదామన్నాడు టైబీరియస్. పెర్గమం నుంచి రోమ్‌కు ఒక బాణం గీయండి. డబ్బు, పరదేశాల వ్యవహారం రెండూ సెనేట్ తనవనుకునేవే. దానికి తోడు అతను రెండోసారి ట్రిబ్యూన్‌గా నిలబడ్డాడు. కాన్సుల్ స్కేవోలా బలప్రయోగానికి ఒప్పుకోకపోతే, ప్రధాన పూజారి స్కిపియో నాసికా గుంపును వెంటేసుకుని వెళ్లాడు. టైబీరియస్‌ను విరిగిన బల్లల కాళ్లతో కొట్టి చంపి, శవాన్ని టైబర్ నదిలో పారేశారు.

ఒక తిరకాసు: ట్రిబ్యూన్‌ల ఏడాది డిసెంబర్ 10న, కాన్సుల్‌లది జనవరి 1న మొదలు. కాబట్టి టైబీరియస్ పదవిలోకి వచ్చింది క్రీ.పూ. 134 చివర్లోనే. గడి అంచు దాటించి రాయండి.

అభ్యాసం: తమ్ముడు గైయస్ గ్రాకస్ ఆ కమిషన్ సభ్యుడు. ఎన్నికైనప్పుడు మాత్రం నుమాంటియా దగ్గర స్కిపియో సైన్యంలో ఉన్నాడు. అతని పేరు ఏ గడిలో రాస్తారు? ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. 5వ పాఠంలో, వీలునామాను లెక్కచేయక పెర్గమం గద్దె నాదన్న అరిస్టోనికస్ దగ్గరికి వెళ్దాం.