మాట్లాడించే పరీక్ష – 3వ పాఠం: ప్రశ్నను పనిగా మార్చడం

తెలుగు నేర్చుకునేవారు ఎంతబాగా మాట్లాడగలరో పరీక్షించడానికి పది ప్రశ్నలు రాసుకోమని పోయిన పాఠం చివర అన్నాను. వాటిలో "మీ పేరేమిటి, మీ ఊరేది" వంటివి ఉంటే బెరుకు తీర్చడానికి ఉంచుకోండి. వాటికి మార్కులు వేయకండి. అలాంటి జవాబులు ఎవరైనా బట్టీ పట్టి రాగలరు.

ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. మాతృభాష హిందీ. కరీంనగర్‌లో బ్యాంకు ఉద్యోగం, ఆరు నెలలుగా తెలుగు నేర్చుకుంటోంది. 'మేము', 'మనం' ఆమెకు పట్టుబడ్డాయా? హిందీలో రెండింటికీ 'హమ్' ఒక్కటే కనుక తడబాటు సహజం. తేడా చెప్పమని అడిగితే అది వ్యాకరణ పరీక్ష అవుతుంది. సూత్రం చక్కగా అప్పజెప్పినవారు కూడా మాటల్లో తప్పుతారు.

అందుకే ఒక పని ఇద్దాం. ఆదివారం ఆమె, స్నేహితురాలు స్కూటరు మీద వేములవాడ వెళ్తున్నారు. ఆ సంగతి పొరుగింటి పెద్దావిడకు చెప్పాలి. పరీక్షించే మీరే ఆ పెద్దావిడగా మాట్లాడాలి.

ఇక్కడ తొందరపడకండి. ముందు ఇద్దరు తెలుగువాళ్లతో ఇదే పని చేయించి చూడండి. "నేనూ నా స్నేహితురాలూ వెళ్తున్నామండీ" అంటారు, 'మేము' రానే రాదు! మన భాషలో సర్వనామం లేకుండానే క్రియతో పని జరిగిపోతుంది. తెలుగువాళ్లకే అవసరపడని మాటను నేర్చుకునేవారు వాడలేదని మార్కులు తగ్గించడం అన్యాయం.

కాబట్టి పెద్దావిడ పొరపాటు పడాలి. "అయితే నేనూ బయలుదేరనా అమ్మా?" అనండి. "లేదండీ, మేమిద్దరమే" అనక తప్పని చోటికి మాట వస్తుంది. కాస్త చిన్నబుచ్చుకుని, "వచ్చే వారం కూడా మీరిద్దరేనా?" అని అడగండి. "కాదండీ, మనం ముగ్గురం వెళ్దాం" అంటే పట్టుబడినట్టే. అక్కడ "మేము ముగ్గురం" అంటే పెద్దావిడకు మళ్లీ చోటు దక్కలేదు, మార్కు తగ్గాలి. "స్నేహితురాలు వస్తాడు" అన్నా తప్పే, కానీ అర్థం చెడలేదు కనుక చిన్న తప్పు. "మీరు", "అండీ" వంటి మన్ననను కూడా ఇదే సంభాషణలో గమనించవచ్చు.

సందర్భం రాసిచ్చే చీటీ హిందీలోనే ఉండాలి. తెలుగులో రాస్తే చదవడం కూడా పరీక్షించినట్టవుతుంది, పైగా 'మేము' అన్న జవాబు చీటీలోనే దొరుకుతుంది. హిందీ చీటీలో ఈ ఆదివారం ఇద్దరూ, వచ్చే వారం పెద్దావిడతో కలిసి ముగ్గురూ అని చెప్పే రెండు చోట్లా 'హమ్' అనే ఉంటుంది. ఏది ఎంచుకోవాలో ఆమే తేల్చుకోవాలి.

అభ్యాసం: 'నాకు జ్వరంగా ఉంది', 'నాకు తెలుసు' వంటి 'నాకు' వాక్యాలను రాబట్టే పని ఒకటి తయారు చేయండి. ఇద్దరు తెలుగువాళ్లతో మాట్లాడించి ఫోనులో రికార్డు చేయండి. 'నాకు' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒక్కసారీ రాకపోతే చీటీని మార్చి మళ్లీ ప్రయత్నించండి.