మొలకొచ్చిన బంగాళాదుంపకు బియ్యం సంచి
బుట్ట అడుగున మొలకలొచ్చేసిన బంగాళాదుంపలు వండుకోలేం, పారేయబుద్ధీ కాదు. 25 కిలోల ఖాళీ బియ్యం సంచిలో పెట్టేయండి, బాల్కనీ చాలు. అడుగున నాలుగైదు చిల్లులు పెట్టి, అంచులు కిందికి మడవండి. రెండు వంతుల మట్టి, ఒక్కో వంతు మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి అడుగు ఎత్తు నింపాలి. నల్లమట్టి ఒక్కటే వేస్తే గట్టిపడిపోతుంది. మొలక పైకి ఉండేలా రెండు దుంపలు నాలుగంగుళాల లోతున పెట్టండి. మొక్క జానెడు ఎదిగినప్పుడల్లా మడత విప్పుతూ, పై ఆకులు వదిలి మట్టి పోయాలి. వెలుతురు తగిలి పచ్చబడిన దుంప తినకూడదు మరి. ఆకులు పండి వాలాక సంచి బోర్లించడమే, తవ్వే పని లేదు. కాకపోతే మన విజయవాడలో నవంబరు మొదట్లోనే పెట్టాలి. సంక్రాంతి దాటాక పెడితే ఎండలకు ఆకే తప్ప దుంప సరిగా ఊరదు.