ఎండాకాలం ఫైర్ డ్యూటీకి ముందు చూసుకోవాల్సినవి

మార్చి దాటిందంటే మన నెల్లూరు, ప్రకాశం వైపు స్టేషన్లకి ఫోన్లు పెరుగుతాయి. టంగుటూరు, కొండపి పక్క పొగాకు బ్యారన్లు (ఆకుని వేడితో ఆరబెట్టే గదులు) ఇంకా చల్లారకముందే ఇటు నెల్లూరు డెల్టాలో కోతలయిపోయి గడ్డివాములు లేస్తాయి, కోసిన మడిలో ఎవరో కొయ్యకాళ్ళకి నిప్పు పెడతారు, అది గట్టు దాటి జామాయిల్ తోటలో పడుతుంది. రోహిణి కార్తె వచ్చేసరికి ఒక కాల్ నుంచి బండి తిరిగొచ్చి ట్యాంకులో నీళ్ళు పట్టకముందే ఇంకో కాల్. ఆ టెన్షన్‌లోనే దెబ్బలు తగులుతాయి. కొత్తగా చేరిన తమ్ముళ్ళ కోసం, వాళ్ళని చూసుకోవాల్సిన మా వయసు వాళ్ళ కోసం కూడా, ఇది ఇప్పుడే రాస్తున్నాను.

నా సర్వీసు 24 ఏళ్ళు. ఇన్నేళ్ళలో నా కళ్ళముందు దెబ్బతిన్న మనవాళ్ళని లెక్కేసుకుంటే నేరుగా మంట తగిలి కాలినవాళ్ళు తక్కువ. వడదెబ్బకి పడిపోయినవాళ్ళు, రేకుల మీంచి కింద పడ్డవాళ్ళు, కూలబోయే గోడ పక్కన నిలబడ్డవాళ్ళు, బావిలో దిగి స్పృహ తప్పినవాళ్ళే ఎక్కువ. అందరూ మంటనే చూస్తూ చుట్టూ ఉన్నది చూసుకోనివాళ్ళే. అందుకే ముందు మంట గురించి కాకుండా ఎండ గురించి మొదలుపెడతాను.

ఒంగోలులో, నెల్లూరులో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో మందపాటి కోటు, హెల్మెట్, బూట్లు వేసుకుని, వీపు మీద బీఏ సెట్ (పొగలో ఊపిరికి గాలి ఇచ్చే సిలిండర్, మాస్క్) మోస్తూ పని చేస్తే ఒంట్లో వేడి బయటికి పోయే దారే ఉండదు. దాహం వేశాక తాగుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి గంటకోసారి నీళ్ళు తాగండి, మధ్యలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగండి. పొద్దున టీ, బిస్కెట్లతో సరిపెట్టుకుని కాల్‌కి పోవద్దు, మన ఇళ్ళల్లో రాగి అంబలి ఉండనే ఉంది. మూత్రం ముదురు పసుపులో వస్తోందంటే నీళ్ళు చాలడం లేదని అర్థం. సెలవు మీద పది రోజులు ఇంట్లో ఉండి వచ్చినవాళ్ళనీ, కొత్త హోంగార్డులనీ మొదటి రోజే బ్రాంచి (హోస్ చివర నీళ్ళు కొట్టే గొట్టం) పట్టించి గంటలకొద్దీ నిలబెట్టొద్దు. ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

పక్కవాడి మాట తేడాగా వస్తోందన్నా, తూలుతున్నాడన్నా, విసుగ్గా అర్థం లేకుండా మాట్లాడుతున్నాడన్నా అది వడదెబ్బే అనుకోండి. కోటు, బూట్లు విప్పించి నీడకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి. బండి నిండా నీళ్ళు మన దగ్గరే ఉన్నాయి కదా. ఒకరు పోస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి, అంబులెన్స్ వచ్చాక చల్లబరుద్దాం అని ఆగొద్దు. మనిషి సరిగ్గా తెలివిలో లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకో మాట, గుండె. అమెరికాలో డ్యూటీలో చనిపోయే ఫైర్‌ఫైటర్లలో చాలా ఏళ్ళుగా పెద్ద వాటా గుండెపోటుదే. బీపీ, షుగర్ ఉండి ఎవరికీ చెప్పకుండా పరుగెత్తే అన్నలు మన స్టేషన్లలోనూ ఉన్నారు. దయచేసి ఈ నెలలోనే చెక్ చేయించుకోండి. ఛాతీ బరువుగా ఉంటే అది గ్యాసే అని మీకు మీరు సర్దిచెప్పుకోవద్దు.

బండి గురించి డ్రైవర్ అన్నలకి నేను చెప్పేదేముంది గానీ, 4,500 లీటర్ల నీళ్ళంటే నాలుగున్నర టన్నులు. ట్యాంకు సగమే ఉన్నప్పుడు మలుపులో ఆ నీళ్ళు ఒక పక్కకి వచ్చి కొడితే బండి మన చేతిలో ఉండదు. ట్యాంకు నిండుగా ఉండాలి, లేకపోతే ఖాళీగా ఉండాలి. కాలువ కట్ట అంచు పైకి గట్టిగా కనపడినా టైరు బరువుకి జారిపోతుంది. నేషనల్ హైవే మీదకి ఎక్కేటప్పుడు సైరన్ విని లారీ ఆగుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, ఏసీ వేసుకుని అద్దాలు మూసిన డ్రైవర్లకి అది వినపడదు. వెనక ఒక మనిషి దిగి చెయ్యి చూపించకుండా రివర్స్ తీయొద్దు.

ఇక గాలి. మన తీరంలో ఎండాకాలం గాలికి ఒక తీరు ఉంది, ఉలవపాడు, సింగరాయకొండ, కావలి వైపు పనిచేసినవాళ్ళకి తెలుసు. పొద్దున్నుంచి పడమటి గాలి, మంట సముద్రం వైపు పోతుంటుంది. మధ్యాహ్నం ఒక్కసారిగా సముద్రపు గాలి తిరుగుతుంది, అప్పటిదాకా మన వెనక ఉన్న మంట ముందుకొచ్చి నిలబడుతుంది. జామాయిల్, సరుగుడు తోటల్లో కింద ఎండుటాకు మోకాలి దాకా ఉంటుంది, జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది, బెరడు పీలికలు అంటుకుని ఎగిరి దూరంగా పడి అక్కడ కొత్త మంట లేస్తుంది. అందుకని తోటలో మంటకి ఎదురుగా నిలబడొద్దు. ఒక పక్క నుంచి, కాలిపోయిన నేల వైపు నుంచి రండి, ఎప్పుడు ఏం జరిగినా ఆ కాలిన నేల మీదకే తప్పుకోవచ్చు. బండిని బయటికి పోయే వైపు మొహం పెట్టి ఆపండి. ఒక మనిషిని గాలి, మంట చూడటానికే పెట్టండి, అతని చేతిలో హోస్ ఉండకూడదు.

గడ్డివామి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చిన్న కాల్ అనుకుంటాం. బయట మంట ఆరిపోయినా లోపల రోజుల తరబడి రగులుతూ ఉంటుంది. పైన గడ్డి మామూలుగా కనిపిస్తుంది, లోపల కాలి డొల్ల అయిపోయి ఉంటుంది. సర్వీసులో నాలుగో ఏడు నేను కొంకి పట్టుకుని పైకెక్కాను, కింద రైతు ఏడుస్తున్నాడు, పశువులకి ఏడాది మేత అది. మూడో అడుగు వేశానో లేదో నడుము దాకా దిగబడిపోయాను. కింద నిప్పు కణికలు. పక్కనున్న డ్రైవర్ అన్న నా కాలర్ పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో, కుడి కాలి పిక్క మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు నేను ప్యాంటు మాత్రమే వేసుకున్నాను, గమ్ బూట్లు బండిలోనే ఉన్నాయి. వామి ఎక్కొద్దు. ఊళ్ళో జేసీబీ ఉంటే పిలిపించి, పక్క నుంచి కొంచెం కొంచెంగా లాగి పరిచి తడపండి. జేసీబీ తిరిగే చోట మనుషులు ఉండకూడదు. పొగ చల్లగా, తెల్లగా కనిపించినా దాన్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ లేదు వాసనా లేదు, గంటసేపు ఆ పొగలో నిలబడితే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి.

పొగాకు బ్యారన్ దీనికంటే మోసం. లోపల గొట్టాల మీదుగా వేడి పోతుంది, పైన కర్రలకి ఆకు వేలాడుతుంటుంది, ఎండిన ఆకు ఒకటి తెగి కాలుతున్న గొట్టం మీద పడితే చాలు. అన్నీ మూసి ఉన్న గది, గాలి అయిపోయి మంట తగ్గినట్టు ఉంటుంది. అప్పుడు రైతు కంగారులో తలుపు బార్లా తీస్తాడు, లేదా మనమే తీస్తాం. కొత్త గాలి తగలగానే మంట తలుపులోంచి బయటికి దూకుతుంది. తలుపుకి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, ఒక పక్క గోడ చాటున మోకాళ్ళ మీద ఉండి, ముందు హోస్‌లో నీళ్ళు వచ్చి బ్రాంచి సిద్ధమయ్యాకే తలుపు కొంచెంగా తీయాలి. మట్టి గోడ, పాత ఇటుక గోడ వేడికి కాగి దాని మీద నీళ్ళు పడితే పగిలి ఒరుగుతుంది. గోడ ఎత్తు ఎంతో అంతకి ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండండి. సిమెంటు రేకులు మంటకి టపాసుల్లా పేలి ముక్కలు ఎగురుతాయి. చల్లారాక కూడా వాటి మీద కాలు పెట్టొద్దు, అవి మనిషి బరువు ఆపవు. నిచ్చెన మీంచి చూడండి, చాలు.

కరెంటు దగ్గర ఒకటే పద్ధతి. లైన్‌మేన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్నానని తన నోటితో చెప్పేదాకా తీగ కింద, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నీళ్ళు కొట్టొద్దు. సర్పంచ్ చెప్పాడనో, బల్బు వెలగడం లేదనో సరిపెట్టుకోవద్దు. తెగి పడ్డ తీగ చుట్టూ తడి నేల కూడా ప్రమాదమే. ఇప్పుడు ఇంటింటికీ ఇన్వర్టర్, డాబాల మీద సోలార్ పలకలు వచ్చాయి. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైను బతికే ఉంటుంది, ఎండ ఉన్నంతసేపూ సోలార్ తీగల్లో కరెంటు ఉంటుంది.

హైవే మీద గ్యాస్ ట్యాంకర్ బోల్తా పడిందని కాల్ వస్తే బండిని దగ్గరికి తీసుకెళ్ళకండి. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేలని అంటుకుని కాలువల్లోకి, పల్లంలోకి పాకుతుంది, మన ఇంజనే దానికి నిప్పు కావచ్చు. 2024 డిసెంబరులో జైపూర్ దగ్గర హైవే మీద ట్యాంకర్‌ని లారీ గుద్దితే గ్యాస్ రోడ్డంతా పరుచుకుని, ఎక్కడో ఉన్న బస్సు, లారీలు కూడా అంటుకున్నాయి. గాలి ఎటు నుంచి వీస్తోందో అటు నుంచి, ఎత్తు నుంచి వెళ్ళండి. లీకైన చోట మంట మండుతుంటే, వాల్వు కట్టేసే దారి లేనప్పుడు ఆ మంట ఆర్పొద్దు, ట్యాంకు పై భాగాన్ని దూరం నుంచి నీళ్ళతో చల్లబరుస్తూ ఉండాలి. సేఫ్టీ వాల్వు ఈల పెద్దదవుతుంటే బ్రాంచి అక్కడే వదిలేసి వెనక్కి పరుగెత్తండి. పోతే పోయింది బ్రాంచి.

బావుల గురించి రాస్తుంటే చెయ్యి ఆగుతుంది. కనిగిరి, పొదిలి వైపు లోతు బావులు, ఎండాకాలం పూడిక తీయడానికి దిగుతారు, కొందరు డీజిల్ ఇంజన్ కూడా లోపలికి దించుతారు. లోపలి చెడు గాలికి ఒకడు స్పృహ తప్పి పడిపోతే తీయడానికి రెండోవాడు, వాడి కోసం తమ్ముడు. మనం వెళ్ళేసరికి పైన ఆడవాళ్ళు మన చేతులు పట్టుకుని దిగమని గుంజుతారు, ఆ మాట కాదనడం చాలా కష్టం. అయినా బీఏ సెట్, నడుముకి తాడు, పైన తాడు పట్టుకునే ఇద్దరు లేకుండా దిగొద్దు. లాంతరు దించి చూసే పాత పద్ధతి ప్రాణవాయువు తగ్గిందో లేదో మాత్రమే చెబుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని చెప్పదు, మండే గ్యాస్ ఉంటే లాంతరే దాన్ని అంటిస్తుంది. సెప్టిక్ ట్యాంకుకీ ఇదే వర్తిస్తుంది.

బీఏ సెట్ కాగితం మీద లెక్క వేరు, పనిలో లెక్క వేరు. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ అంటే 1,800 లీటర్ల గాలి, నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు అంటారు. బరువు పని చేసేవాడు దానికి రెట్టింపు పీల్చేస్తాడు. గాలి అయిపోవస్తోందని సెట్ ఈల మోగేది 50, 55 బార్ దగ్గర, అప్పుడు మిగిలేది బయటపడటానికి మాత్రమే, పని పూర్తి చేయడానికి కాదు. లోపలికి పోయిన టైము, ప్రెషర్ బయట ఒకరు రాసుకోవాలి. ఇద్దరుగా వెళ్ళాలి, ఇద్దరుగా రావాలి. గడ్డం ఉంటే మాస్క్ మొహానికి సరిగ్గా అతుక్కోదు, గీసుకోండి.

ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లలో అమ్మోనియా ఉంటుంది. అది చెమట పట్టిన చంకలు, గజ్జల్లోనే ముందు కాలుస్తుంది, మామూలు కోటు దానికి చాలదు. కృష్ణపట్నం వైపు నూనె ఫ్యాక్టరీల్లో కాగిన నూనె మీద నేరుగా నీళ్ళు కొట్టొద్దు. నీళ్ళు ఆవిరైతే సుమారు 1,700 రెట్లు ఉబ్బుతాయి, నూనెని ఎత్తి మన మీదే పోస్తాయి. ఫోమ్ వచ్చేదాకా పక్క ట్యాంకుల్ని చల్లబరుస్తూ ఉండండి.

ఊళ్ళో వాళ్ళకి ఒక విన్నపం. బండి ఆలస్యమైందని మా వాళ్ళని తిడితే, వాళ్ళు ఆ బాధలో బూట్లు కూడా వేసుకోకుండా మంటలోకి దూకుతారు, నేను చూశాను. 101కి చేసేటప్పుడే దారి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి, లైన్‌మేన్‌కి ఫోన్ చేసి ఉంచండి, గ్యాస్ సిలిండర్, పురుగుమందుల డబ్బాలు ఏ గదిలో ఉన్నాయో మేం దిగగానే చెప్పండి.

కాల్ అయిపోయాక కోటు అలాగే మంచం కింద పడేయకండి. ఫైర్‌ఫైటర్ పనిని క్యాన్సర్ తెచ్చే పనుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2022లో చేర్చింది, మసి చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. అక్కడే బండి నీళ్ళతో కోటు, బూట్లు, హెల్మెట్ కడగండి, మెడ, చేతులు సబ్బుతో రుద్దుకోండి, ఆ బట్టలు ఇంటికి తీసుకెళ్ళి పిల్లల బట్టలతో కలపొద్దు. ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి డాక్‌లో పేలిన ఓడ దగ్గర చనిపోయిన మనవాళ్ళ కోసం స్టేషన్లో నిలబడి మౌనం పాటిస్తాం కదా. ఈసారి ఆ పరేడ్ అవ్వగానే అందరి బీఏ సెట్లు బయటపెట్టి ఈలలు మోగుతున్నాయో లేదో, హోస్ కప్లింగులు పట్టుకుంటున్నాయో లేదో చూడండి, ఎవరి గ్లవ్స్ చిరిగాయో, ఎవరి బూట్లు సైజు చాలక వేసుకోవడం లేదో ఆఫీసర్‌కి పేరు పేరునా రాసివ్వండి.